గ్రీన్ కార్డు ఉన్న అమ్మానాన్నలు ఇండియాలో ఎన్నాళ్లు ఉండొచ్చు? "ఏడాదిలోపు వస్తే చాలు" అన్న మాట ఎంతవరకు నిజం?

మీరు అడిగింది ఇదీ: మీరు అమెరికా సిటిజన్. మీ అమ్మానాన్నలకి 2022లో గ్రీన్ కార్డులు వచ్చాయి. అప్పటి నుంచి మూడుసార్లు వచ్చారు, వచ్చినప్పుడల్లా నెలో నెలన్నరో ఉండి వెళ్లిపోయారు. ఈసారి నాన్నగారి మోకాలి ఆపరేషన్, దాని వెనకే పొలం పంపకాలు వచ్చిపడి తెనాలిలోనే పదో నెల నడుస్తోంది. ఏడాది నిండకముందు ఒకసారి వచ్చి వెళ్తే కార్డు నిలుస్తుందా, రీఎంట్రీ పర్మిట్ (ఎక్కువకాలం బయట ఉన్నా తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి పత్రం) తెనాలి నుంచే పెట్టుకోవచ్చా, ఎయిర్‌పోర్టులో ఆపితే ఏం చేయాలి అన్నవి మీ ప్రశ్నలు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఏడాది నిండకముందే రావాలి. కానీ వచ్చినంత మాత్రాన కార్డు నిలిచినట్టు కాదు. రీఎంట్రీ పర్మిట్ ఇండియా నుంచి పెట్టడం కుదరదు, అప్లికేషన్ వేసేనాటికి మనిషి అమెరికాలో ఉండాలి. ఎయిర్‌పోర్టులో ఆపి ఐ-407 అనే, గ్రీన్ కార్డు వదులుకునే కాగితం ముందు పెడితే, అదేమిటో పూర్తిగా అర్థం కాకుండా సంతకం పెట్టకూడదు. ఇంకోటి మీరు అడగలేదు గానీ అన్నిటికన్నా అదే ముఖ్యం: వాళ్లు ఇక్కడ కాపురం ఉండాలనుకుంటున్నారా, మిమ్మల్ని చూసి పోవాలనుకుంటున్నారా? అది ముందు ఇంట్లో తేల్చుకోండి. మిగతా సలహా అంతా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

నేను లాయర్ని కాదు. డల్లాస్ దగ్గర ఒక ఇమిగ్రేషన్ లాయర్ ఆఫీసులో పదిహేడేళ్లుగా ఫైళ్లు తయారుచేస్తున్నాను. తెలుగు తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి మన పెద్దవాళ్ల కేసులన్నీ నా బల్ల దగ్గరికే వస్తాయి. ఇక్కడ రాసేది ఆ అనుభవంతోనే. మీ కేసు మీద చివరి మాట మాత్రం కాగితాలన్నీ చూసిన లాయర్‌దే అవ్వాలి.

మనవాళ్లలో రెండు మాటలు బాగా పాకిపోయాయి. "ఆర్నెల్లకోసారి అమెరికా నేల తొక్కితే చాలు" అనేది ఒకటి. "ఏడాదిలోపు వస్తే ఎవరూ అడగరు" అనేది రెండోది. రెండూ సగం నిజాలు, అందుకే ఇంత ప్రమాదం.

ఆరు నెలల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందంటే, 180 రోజులలోపు తిరిగొచ్చిన గ్రీన్ కార్డు మనిషిని చట్టం మామూలుగా కొత్తగా ప్రవేశం కోరుతున్నవాడిగా చూడదు. 180 రోజులు దాటాక వస్తే మాత్రం కొత్తగా వస్తున్నట్టే లెక్క, లోపలికి రానివ్వకూడని కారణాలేమైనా ఉన్నాయా అని మొదటి నుంచి చూడొచ్చు. పాత క్రిమినల్ కేసు ఏదైనా ఉంటే 180 రోజులలోపు వచ్చినా అది తలెత్తొచ్చు. ఇక ఏడాది లెక్క కార్డుకి సంబంధించినది. వరసగా ఏడాది, ఆపైన బయట ఉంటే ఆ ప్లాస్టిక్ ముక్క ఒక్కటే చూపించి తిరిగి రావడానికి ప్రయాణపత్రంగా పనికిరాదు. కార్డు మీద ఇంకా ఏడేళ్ల గడువు రాసి ఉన్నా అంతే. విమానం కంపెనీ వాళ్లు శంషాబాద్‌లోనే ఆపేయొచ్చు.

ఈ రెండు లెక్కల్లో ఏదీ "ఇన్ని రోజుల వరకు మీ కార్డుకి ఢోకా లేదు" అని చెప్పదు. చట్టం అడిగే ప్రశ్న వేరు. నువ్వు బయటికి వెళ్లింది తాత్కాలికంగానా? నీ ఇల్లు ఇక్కడే ఉందా? రోజుల సంఖ్య అందులో ఒక ఆనవాలు మాత్రమే. ఇమిగ్రేషన్ అప్పీల్స్ బోర్డు 1975లో ఇచ్చిన కేన్ తీర్పు మా ఆఫీసులో అందరికీ కంఠతా వచ్చు. కేన్ అనే ఆవిడ జమైకాలో లాడ్జి నడుపుకుంటూ ఏడాదికి పదకొండు నెలలు అక్కడే ఉండేది, ఒక నెల అమెరికా వచ్చి వెళ్లేది. ఒక్కసారి కూడా ఏడాది దాటలేదు. అయినా రెసిడెన్సీ వదిలేసుకున్నట్టే అని తేల్చారు. పదకొండు నెలలు తెనాలి, ఒక నెల డల్లాస్ అంటే ఆ కేసుకీ మనకీ తేడా లాడ్జి ఒక్కటే.

మన సమస్య అసలు మాటల్లోనే బయటపడుతుంది. కౌంటర్ దగ్గర ఆఫీసర్ మామూలుగా అడుగుతాడు, "ఎందుకొచ్చారు?" అని. మన పెద్దాయన నవ్వుతూ, "మా అబ్బాయిని చూడటానికి" అంటాడు. "ఎన్నాళ్లుంటారు?" "ఒక నెల, సంక్రాంతికి వెళ్లిపోవాలి." "మీ ఇల్లెక్కడ?" "తెనాలి." మూడూ నిజాలే, పాపం ఆయన ఒక్క అబద్ధం ఆడలేదు. కానీ గ్రీన్ కార్డు చేతిలో పెట్టుకుని చుట్టపుచూపుగా వచ్చానని తన నోటితోనే చెప్పేశాడు. ఒకప్పుడు విమానంలో నీలం రంగు కస్టమ్స్ ఫారం ఇచ్చేవాళ్లు, అందులో నివాస దేశం అనే గడి ఉండేది. ఇండియా అని గుండ్రంగా రాసిచ్చి, ఆ కాగితం వల్లే పక్క గదిలో రెండు గంటలు కూర్చున్న దంపతులు నాకు తెలుసు.

అబద్ధం చెప్పమని నేను ఎవరికీ నేర్పను. ఆఫీసర్‌తో అబద్ధం ఆడితే కార్డుతో పోయేది కాస్తా ఇంకా పెద్ద కేసవుతుంది. నేను చెప్పేది, వచ్చే ముందే బతుకు అలా అమర్చుకోమని. "ఇల్లు ఇక్కడే, ఆపరేషన్ కోసం వెళ్లాం, తిరిగొచ్చాం" అన్నది నిజమైతే ఆ నిజానికి కాగితాలు ఉంటాయి. లేకపోతే ఉండవు.

ఏ కాగితాలు అంటారా? ఈ పనిలో నాకు ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే. ఇక్కడి డ్రైవింగ్ లైసెన్స్ లేదా స్టేట్ ఐడీ. వాళ్ల పేరు మీద బ్యాంకు ఖాతా, అందులో అడపాదడపా లావాదేవీలు. లీజులో వాళ్ల పేర్లు, లేదా మీ ఇంట్లోనే ఉంటారని మీరు రాసిచ్చే అఫిడవిట్. హెల్త్ ఇన్సూరెన్స్. ఇక్కడి డాక్టర్ దగ్గర ఫైలు. ట్యాక్స్ రిటర్న్. అటువైపు నుంచి: ఏ పని మీద వెళ్లారు, అది ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసింది. మీ నాన్నగారి విషయంలో ఆస్పత్రి డిశ్చార్జ్ సమ్మరీ, ఫిజియోథెరపీ రసీదులు, ప్రయాణం చేయొచ్చని డాక్టర్ రాసిచ్చిన ఉత్తరం. ఆ ఉత్తరంలో తేదీలు స్పష్టంగా ఉండాలి. "పేషెంటుకి విశ్రాంతి అవసరం" అని ఒక్క ముక్క రాస్తే ఉపయోగం లేదు. ఏ రోజు ఆపరేషన్, ఎన్ని వారాలు కూర్చుని ప్రయాణం వద్దన్నారు, ఏ తేదీ నుంచి సరేనన్నారు, ఈ మూడూ ఉండాలి.

మోకాలి ఆపరేషన్ బలమైన కారణం. పొలం పంపకాలు అంత బలమైనవి కావు. "అన్నదమ్ముల మధ్య తేలలేదు" అంటే దానికి ఒక ముగింపు తేదీ కనిపించదు కదా. రిజిస్ట్రేషన్ అయిపోయి ఉంటే ఆ దస్తావేజు కాపీ పెట్టండి, పని పూర్తయిందని తెలుస్తుంది. కాకపోతే మీ నాన్నగారు ఎవరికైనా జీపీఏ (తన తరఫున పనులు చూసే అధికార పత్రం) ఇచ్చి రావడం మంచిది. ఆ జీపీఏ కాపీ కూడా ఫైల్లో ఉంటే, అక్కడి పనులు అప్పగించి ఇక్కడికి వచ్చాడని చెప్పే ఆధారం అవుతుంది.

టికెట్ సంగతి. రానూపోనూ టికెట్ హైదరాబాద్ నుంచి మొదలై హైదరాబాద్‌లోనే ముగిస్తే, అది కూడా నాలుగు వారాల్లో, ఆఫీసర్‌కి ఇంకేం చెప్పక్కర్లేదు. చవగ్గా వస్తుందని చాలామంది అలాగే కొంటారు. మీ వాళ్లకి ఈసారి వన్‌వే కొనండి. కొని ఊరుకోవడం కాదు, నిజంగా ఉంచండి.

ఇక ఎయిర్‌పోర్టు. కౌంటర్ దగ్గర అనుమానం వస్తే సెకండరీ అనే గదికి పంపుతారు. అక్కడ గంటల తరబడి కూర్చోబెట్టొచ్చు. ఆ గదిలో లాయర్‌ని పిలిపించుకునే హక్కు మామూలుగా ఉండదు, ఫోన్ కూడా వాడనివ్వకపోవచ్చు. అందుకే మీ నంబరు, లాయర్ నంబరు కాగితం మీద రాసి నాన్నగారి జేబులో పెట్టండి. ఇంగ్లీషులో తడబడితే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగమనండి, మొహమాటపడక్కర్లేదు. అర్థం కాని ప్రశ్నకి తల ఊపడం మనవాళ్లకి అలవాటు, అది అవునని లెక్కలోకి పోతుంది.

ఐ-407 అంటే "నా పర్మనెంట్ రెసిడెన్సీని నా ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను" అని రాసిచ్చే పత్రం. ఇష్టపూర్వకంగా అన్నది దాని ప్రాణం. 2025 మొదట్లో వయసు మళ్లిన భారతీయుల చేత ఎయిర్‌పోర్టుల్లో దీని మీద సంతకాలు పెట్టించుకోవడానికి ఒత్తిడి చేస్తున్నారని మన పేపర్లలో కూడా వచ్చింది. నా బల్ల దగ్గరికి వచ్చిన ఒక జంటకి అంతకుముందే ఆ అనుభవం అయింది. పద్నాలుగు గంటల ప్రయాణం చేసి దిగారు, ఆవిడకి షుగరు, తిండి తిని చాలాసేపయింది. "సంతకం పెడితే ఇప్పుడే బయటికి పంపుతాను, లేకపోతే జడ్జి దగ్గరికి వెళ్లాలి" అన్నారట. జడ్జి అనగానే పెద్దాయనకి జైలు గుర్తొచ్చింది. పెట్టేశారు. బయట కొడుకు నాలుగు గంటల నుంచి నిలబడి ఉన్నాడు. విజిటర్‌లాగా కొన్ని వారాలకి లోపలికి వదిలారు, ఆ తర్వాత వెనక్కి వెళ్లిపోయారు.

తెలుసుకోవాల్సిందేమిటంటే, కౌంటర్‌లో ఉన్న ఆఫీసర్ తనంతట తాను మీ స్టేటస్‌ని రద్దు చేయలేడు. సంతకం పెట్టనంటే నోటీస్ టు అప్పియర్ అనే కాగితం ఇచ్చి ఇమిగ్రేషన్ జడ్జి ముందుకి పంపాలి. అక్కడ రెసిడెన్సీ వదిలేశారని నిరూపించాల్సిన బరువు ప్రభుత్వం మీదే ఉంటుంది, అదీ స్పష్టమైన, గట్టి ఆధారాలతో. జడ్జి తుది తీర్పు వచ్చేదాకా మీ నాన్నగారు పర్మనెంట్ రెసిడెంటే. కార్డు తీసేసుకున్నా స్టేటస్‌కి రుజువుగా పాస్‌పోర్టులో ముద్రో, వేరే కాగితమో అడిగి తీసుకోవచ్చు. ఇంకో వైపు కూడా చెప్పాలి. సంతకం పెట్టననడం అన్ని వేళలా సుఖంగా ఉండదు. నిర్బంధంలో ఉంచే అధికారం వాళ్లకి ఉంది, కోర్టు వాయిదాలు ఏళ్ల తరబడి నడుస్తాయి. డెబ్బై ఏళ్ల మనిషికి ఆ టెన్షన్ అవసరమా అన్నది కుటుంబం ముందే ఆలోచించుకోవాలి. గదిలో కూర్చున్నాక ఆలోచించే విషయం కాదది.

రీఎంట్రీ పర్మిట్ గురించి. ఫారం ఐ-131. అప్లికేషన్ వేసేరోజు అమెరికాలో ఉండాలి. ఆ తర్వాత వేలిముద్రలకి పిలుస్తారు, అవి ఇచ్చి వెళ్లడం మంచిది. వేలిముద్రలు అయ్యాక పర్మిట్ చేతికి వచ్చేదాకా ఇక్కడే కూర్చోనక్కర్లేదు, ఇండియాలోని అమెరికా కాన్సులేట్‌కి పంపమని ఫారంలోనే అడగొచ్చు. మామూలుగా రెండేళ్లకి ఇస్తారు, పొడిగింపు ఉండదు. మళ్లీ కావాలంటే మళ్లీ వచ్చి కొత్తది వేయాలి. కార్డు వచ్చినప్పటి నుంచి గానీ, గత ఐదేళ్లలో గానీ మొత్తం నాలుగేళ్లకి మించి బయట ఉంటే ఒక్క ఏడాదికే ఇస్తారు. మీ వాళ్లు 2022 నుంచి ఇక్కడ ఉన్నది అంతా కలిపి మూడు నుంచి నాలుగున్నర నెలలే కాబట్టి ఆ గీత ఎక్కడుందో తేదీలతో లెక్క వేయించండి.

పర్మిట్ చేతిలో ఉంటే ఏం లాభం అంటే, రెండేళ్లలోపు ఎప్పుడొచ్చినా "ఇన్నాళ్లు బయట ఉన్నావు" అన్న ఒక్క కారణంతో వెనక్కి పంపలేరు. మిగతా ప్రశ్నలు అడగొచ్చు. వరసగా మూడు పర్మిట్లు తీసుకుని ఆరేళ్లు తెనాలిలో ఉంటే, మూడోసారి పర్మిట్ చూపించినా ఇల్లెక్కడ అని అడుగుతారు. పర్మిట్ గొడుగులాంటిది. తడవకుండా కాస్త దూరం నడవొచ్చు గానీ దాని కింద కాపురం పెట్టలేం.

ఇంకో పొరపాటు ఎప్పుడూ చూస్తుంటాను. పర్మిట్ సిటిజన్‌షిప్ లెక్కని కాపాడదు. సిటిజన్‌షిప్‌కి ఐదేళ్ల నివాసం కావాలి, అందులో కనీసం ముప్పై నెలలు శరీరంతో ఇక్కడ ఉండాలి. ఒక్క ప్రయాణం ఆరు నెలలు దాటితే ఆ నివాసం తెగిపోయిందని అనుకుంటారు, కాదని మీరు రుజువు చేసుకోవాలి. ఏడాది దాటితే తెగిపోయినట్టే, పర్మిట్ ఉన్నా సరే. కంపెనీ పని మీద గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్లే సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఎన్-470 అనే దారి ఉంది గానీ, దానికి ముందు గ్రీన్ కార్డు వచ్చాక వరసగా ఏడాది ఒక్కరోజు కూడా బయటికి కదలకుండా ఇక్కడ ఉండి ఉండాలి, అమెరికన్ కంపెనీలోనో దాని సబ్సిడియరీలోనో పని చేయాలి. మీ అమ్మానాన్నలకి అది వర్తించదు.

ఏడాది దాటిపోతే అంతా పోయినట్టేనా? కాదు. కార్డు ప్రయాణానికి పనికిరాదు అంతే, స్టేటస్ ఇంకా ఉన్నట్టే. అప్పుడు దారి ఎస్‌బీ-1, అంటే తిరిగొచ్చే రెసిడెంట్ వీసా. డీఎస్-117 ఫారంతో కాన్సులేట్‌లో అడగాలి. హైదరాబాద్ కాన్సులేట్ అనుకుని నానక్‌రామ్‌గూడ వెళ్లకండి, ఇమిగ్రెంట్ వీసాల పని మనవాళ్లకి సాధారణంగా ముంబైలో. మూడు విషయాలు చూస్తారు: బయల్దేరినప్పుడు రెసిడెంటేనా, తిరిగొచ్చే ఉద్దేశంతోనే వెళ్లారా, ఆలస్యం మీ చేతిలో లేని కారణం వల్ల జరిగిందా. చిక్కంతా మూడోదాంట్లోనే. కరీంనగర్ వైపు పెద్దాయన ఒకాయనకి తిరుగు ప్రయాణానికి పది రోజుల ముందు పక్షవాతం వచ్చింది. కొన్న టికెట్టు, రద్దు చేసిన రసీదు, ఆస్పత్రి కాగితాలు అన్నీ వరస తేదీల్లో ఉన్నాయి. ఇచ్చారు. అదే నెలలో ఇంకొకరు మనవరాలి పెళ్లి, ఆ తర్వాత ఇల్లు కట్టడం అని పెట్టారు. ఇవ్వలేదు. ఇల్లు కట్టడం ఆయన చేతిలో లేని పని ఎలా అవుతుంది?

కొవిడ్‌లో ఇరుక్కున్నవాళ్లు చాలామంది. 2020 మార్చిలో ఆగిన మామూలు అంతర్జాతీయ విమానాలు మళ్లీ మొదలైంది 2022 మార్చి 27న. మధ్యలో వందే భారత్ విమానాలు, రెండు దేశాల ఒప్పందంతో ఎయిర్ బబుల్ విమానాలు నడిచాయి కాబట్టి "విమానాలే లేవు" అన్న మాట అన్ని నెలలకీ చెల్లలేదు. రద్దయిన టికెట్ల ఈమెయిళ్లు దాచుకున్నవాళ్లు బయటపడ్డారు. అప్పటి నుంచి నేను అందరికీ చెప్పే మాట ఒక్కటే, రద్దయిన టికెట్టు కూడా పారేయకండి.

ట్యాక్స్ గురించి ఎవరూ అడగరు, అందరూ ఇబ్బందిపడేది అక్కడే. గ్రీన్ కార్డు ఉన్నంతకాలం ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడ చూపించాలి. తెనాలిలో షాపు అద్దె, బ్యాంకు ఎఫ్‌డీ వడ్డీ, పెన్షన్, అన్నీ. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే విదేశీ ఖాతాల వివరాలు చెప్పే ఎఫ్‌బార్ వేయాలి. ఎఫ్‌డీలున్న ఏ రిటైర్డ్ మాస్టారికైనా ఆ గీత దాటడం పెద్ద విషయం కాదు. ట్యాక్స్ తగ్గుతుందని ఎవరో చెబితే నాన్‌రెసిడెంట్‌గా రిటర్న్ వేసినవాళ్లున్నారు. అది "నేను ఇక్కడ ఉండటం లేదు" అని సంతకం పెట్టి ఇచ్చినట్టే, ఇమిగ్రేషన్ వాళ్లు దాన్నే తీసి చూపిస్తారు. కార్డు గడువు అయిపోయింది కదా అని వదిలేసినా ట్యాక్స్ బాధ్యత పోదు. ఐ-407 ఇచ్చి పద్ధతిగా వదులుకుంటేనో, ప్రభుత్వం తేలిస్తేనో పోతుంది.

వదులుకునే ముందు ఇంకో లెక్క. పదిహేనేళ్లలో ఎనిమిదేళ్లు కార్డు ఉన్నవాళ్లు వదులుకుంటే ఆస్తి 20 లక్షల డాలర్లు దాటిందా అని చూస్తారు, దాటితే వదిలిపోయే పన్ను పడొచ్చు. 20 లక్షల డాలర్లు అంటే మనకెక్కడిది అంటారు. కోకాపేట వైపు తాతలనాటి రెండెకరాలున్న పెద్దమనిషి ఒకాయన అలాగే నవ్వి, లెక్క వేశాక నవ్వడం మానేశాడు. మీ వాళ్లకి 2022లోనే వచ్చింది కాబట్టి ఈ బెడద ఇంకా దూరంలోనే ఉంది.

ఇప్పుడు వదులుకోవడం గురించి. మా అమ్మకి కూడా గ్రీన్ కార్డు ఉండేది. నాలుగేళ్లు ఏడాదికి రెండుసార్లు తిప్పాను. ఇక్కడ ఆవిడకి ఇన్సూరెన్స్ ప్రీమియం నెలనెలా వాచిపోయేది. మెడికేర్ (పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కొనుక్కోవాలన్నా 65 దాటి, వరసగా ఐదేళ్లు ఇక్కడ నివాసం ఉండాలి, ఆవిడ ఏ ఏడూ సరిగా ఉండలేదు. ప్రతి ప్రయాణానికీ ముందు వారం నిద్రపోయేది కాదు, "వాళ్లు ఏమడుగుతారే" అని. చివరికి ఒకరోజు కార్డు బల్ల మీద పెట్టి "ఇది నాకొద్దమ్మా, నా వల్ల కాదు" అంది. ఐ-407 నింపి పోస్టులో ఇమిగ్రేషన్ శాఖ అయిన యూఎస్‌సీఐఎస్‌కి పంపాం. తర్వాత హైదరాబాద్‌లో విజిటర్ వీసాకి వెళ్లినప్పుడు ఆ కాపీ చూపించింది, పదేళ్ల వీసా వచ్చింది. అందరికీ వస్తుందని హామీ ఇవ్వలేను. కానీ పద్ధతిగా వదులుకున్నవాళ్లని కాన్సులేట్‌లో అనుమానంగా చూడటం నేను పెద్దగా చూడలేదు.

సిటిజన్ పిల్లలున్న తల్లిదండ్రులకి ఒక సౌకర్యం ఉంది. రేపు నిజంగా వచ్చి ఉండిపోవాలనుకుంటే మీరు మళ్లీ పిటిషన్ వేయొచ్చు, ఆ కేటగిరీకి సంఖ్యా పరిమితి లేదు, క్యూ లేదు. అదే అన్నదమ్ముల కోటాలో పదిహేనేళ్లకి పైగా కాచుకుని కార్డు తెచ్చుకున్నవాళ్లకి నేను ఈ సలహా ఇవ్వను. వాళ్లు పోగొట్టుకుంటే మళ్లీ ఆ క్యూలో చివర నిలబడాలి.

మీ ప్రశ్నలో లేకపోయినా ఇది చదివేవాళ్లలో ఆడపిల్లలుంటారని ఒక విషయం. గ్రీన్ కార్డు ఉన్న అమ్మాయి పురిటికి పుట్టింటికి వెళ్తే, అక్కడ పుట్టిన బిడ్డకి వీసా అవసరం లేకుండా తీసుకురావచ్చు. బిడ్డ పుట్టిన రెండేళ్లలోపు అయి ఉండాలి, పుట్టాక తల్లో తండ్రో తిరిగొచ్చే మొదటి ప్రయాణంలోనే వెంట తేవాలి. బిడ్డకి పాస్‌పోర్టు, జనన ధృవీకరణ పత్రం చాలు. కానీ విమానం కౌంటర్‌లోని ఉద్యోగినికి ఈ రూలు తెలియక "బిడ్డ వీసా ఏదండీ?" అని ఆపేస్తుంది. విజయవాడ నుంచి వచ్చిన ఒక బాలింత చంకలో మూడు నెలల పసివాడితో రెండు గంటలు వాదించి, చివరికి రూలు ప్రింటు చూపించాక ఎక్కింది. ప్రింటు పెట్టుకెళ్లండి. మధ్యలో బిడ్డని అమ్మమ్మ దగ్గర వదిలి తల్లి ఒక్కతే వచ్చి వెళ్తే మాత్రం ఆ సౌకర్యం పోతుంది, తర్వాత మామూలు వీసా క్యూనే.

మీ తమ్ముడు కెనడాలో ఉన్నాడని, అక్కడా ఇలాగేనా అని చివర్లో అడిగారు. అక్కడ లెక్క నేరుగా రోజుల మీదే: ఐదేళ్లలో 730 రోజులు. బ్రిటన్‌లో ఐఎల్‌ఆర్ (శాశ్వత నివాస అనుమతి) అయితే మామూలుగా వరసగా రెండేళ్లు బయట ఉంటే పోతుంది. నా పని అమెరికాదే కాబట్టి ఆ దేశాల లోతుల్లోకి పోను. కెనడాలో లెక్క తేల్చి చెబుతుంది, అమెరికాలో మనసు చూస్తారు. అందుకే ఇక్కడ కాగితాలు ఎక్కువ.

మీ వాళ్ల విషయానికి వస్తే, నేను చేసేది ఇదీ. పదకొండో నెల నిండకముందు వచ్చేలా టికెట్ కొనండి, చివరి వారం దాకా ఆగకండి. ఒక విమానం రద్దయితే, ఒక జ్వరం వస్తే ఏడాది దాటిపోతుంది. ఆస్పత్రి ఉత్తరం ఈ వారమే తీసుకోండి. వాళ్లు రాగానే లాయర్‌ని కలిసి, ఉండటమా వదులుకోవడమా తేల్చుకోండి. ఉండటమైతే ఈసారి ఎక్కువ నెలలు ఇక్కడే గడపాలి, పాత ట్యాక్స్ రిటర్నులు సరిచేయాలి, మళ్లీ ఇండియాలో నిజమైన పని పడితే బయల్దేరేముందు పర్మిట్ వేసి వేలిముద్రలిచ్చి వెళ్లాలి.

రెండు వివరాలు ఇస్తే ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను. కార్డు మీద రెసిడెంట్ సిన్స్ అని ఉన్న తేదీ ఏమిటి, గత మూడు ప్రయాణాల్లో వచ్చిన, వెళ్లిన తేదీలు ఏమిటి? పాస్‌పోర్టులోని ముద్రలు చూసి రాయండి, గుర్తున్నంతవరకు రాయకండి. అలాగే 2022 నుంచి వాళ్ల పేరు మీద ఇక్కడ ఏ ఏడాదైనా ట్యాక్స్ రిటర్న్ వేశారా, వేస్తే ఏ ఫారం మీద?